వెనుక వినబడు శబ్దము



ప్రతి నెలా ఈ పుటలలో మీరు రేడియో వర్తమానములను చదువుతున్నారు. ఆ వర్తమానము మొదట ఒక మనిషి నోట పుట్టింది. తరువాత మైకులో పడి, రికార్డై, ప్రసారమై, చివరకు ఒక సహోదరి హెడ్‌ఫోను తగిలించుకొని, ఆపి ఆపి విని, కాగితము మీద వ్రాస్తే మీ చేతికి వచ్చింది. ఇన్ని చేతులు మారే దారిలో ఒక మాట ఎక్కడైనా జారిపోవచ్చును. ఆ మధ్య ఒక సంచికకు ప్రూఫులు దిద్దుతుండగా ఒక వాక్యము దగ్గర నా కన్ను ఆగింది. ప్రభువు మనకు అనుగ్రహించిన "శ్రమ"ను మరువవద్దని అక్కడ ఉంది. బోధకుడు అన్నది "క్షమ". వ్రాసిన సహోదరి తప్పు అందులో లేదు. ఫ్యాను మోత తగ్గించుదామని ఆ రికార్డింగుకు నేనే ఒక ఫిల్టరు వేశాను. అది ఫ్యానుతోపాటు "క్ష" మొదట్లో వినబడే సన్నని "క్" చప్పుడును కూడా తుడిచేసింది. మిగిలిన దానిని బట్టి ఆమె ఊహించి వ్రాసింది. అచ్చు కాకముందే దొరికింది గనుక సరిపోయింది.

పలాస, టెక్కలి ప్రాంతముల నుండి, ఉద్దానము తీర గ్రామముల నుండి సాక్ష్యములను ఫోనులో రికార్డు చేసి మాకు పంపేవారు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వారి కొరకే ఈ నెల వాక్యోపదేశమునకు బదులు ఈ సంగతి వ్రాస్తున్నాను. మాకు సెమినరీలో గ్రీకు నేర్పారు, ప్రసంగ శాస్త్రము నేర్పారు. మైకు ఎక్కడ పెట్టాలో మాత్రము ఎవరూ నేర్పలేదు. నేర్చుకున్నదంతా పాడుచేసి నేర్చుకున్నదే.

మొదట చెవికీ మైకుకీ ఉన్న తేడా చూద్దాము. మన చెవి వెనుక మెదడు ఉంది. కాశీబుగ్గ బజారులో వంద గొంతుల నడుమ తల్లి తన బిడ్డ ఏడ్పును పట్టుకుంటుంది, మిగిలినవన్నీ ఆమెకు వినబడనట్టే. మైకుకు ఆ వివేచన లేదు. తన మీద పడిన గాలి కదలికను అంతటినీ ఒకే తీరుగా పుచ్చుకుంటుంది. అందుచేతనే, కూర్చున్నప్పుడు నిశ్శబ్దముగా ఉందనుకున్న గది, ఇంటికి వచ్చి వింటే మోత మోగిపోతుంది. ఆ ఫ్యాను కొత్తగా తిరగలేదు. దానిని వినుట మనమే మానుకొని చాలా సంవత్సరములైంది.

కాబట్టి మీరు చేయవలసిన మొదటి పని ఇది. రికార్డు చేయబోయే చోట, అందరూ కూర్చున్న తరువాత, ఒక్క నిమిషము ఎవ్వరూ మాట్లాడకుండా రికార్డు చేయండి. దానిని ఇయర్‌ఫోనులో, సౌండు బాగా పెంచి, కళ్లు మూసుకొని వినండి. వినబడిన ప్రతిదానినీ కాగితము మీద వ్రాయండి. పలాసలో ఒక సహోదరుని ఇంట ఇలా చేస్తే ఆ ఒక్క నిమిషములో ఏడు శబ్దములు తేలాయి. ఫ్యాను, ఫ్రిజ్, గోడ గడియారము, వీధిలో ఆటో, దూరాన జీడిపిక్కలు కొట్టే యంత్రముల టకటక, పక్కింటి టీవీ. ఏడవది ఏమిటో చాలాసేపు తెలియలేదు. చివరకు చూస్తే సాక్ష్యము చెప్పబోయే పెద్దాయన జేబులో తాళముల గుత్తి. ఆయన ఊపిరి తీసినప్పుడెల్లా అది కదులుతోంది. ఈ ఏడింటిలో అయిదింటిని కంప్యూటరు ముట్టకుండానే తీసివేశాము. ఫ్యాను ఆపాము, ఫ్రిజ్ ప్లగ్గు పీకాము (మరల పెట్టడము మరచిపోకండి, నేనొకసారి మరచిపోయి ఆ ఇంటి అమ్మగారి పాలు విరిచాను), గడియారము పెరట్లోకి వెళ్లింది, తాళములు అమ్మగారి చేతికి వెళ్లాయి, పక్కింటివారు అడగగానే టీవీ ఆపారు.

మిగిలిన శబ్దములను అవి ఎలా ప్రవర్తిస్తాయో చూచి గుర్తుపట్టాలి. కొన్ని మొదటినుండి చివరిదాకా ఒకే తీరుగా ఉంటాయి. వాటిలో మనకు ఎక్కువగా తగిలేది కరెంటు గుయ్యి. మన దేశములో కరెంటు సెకండుకు 50 సార్లు ఊగుతుంది. అందుచేత ఆ మోత 50 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపులైన 100, 150 దగ్గర వినబడుతుంది. ఛార్జరు తగిలించి ఉంచి రికార్డు చేయడము, ఎర్తు లేని ప్లగ్గు, మైకు తీగను కరెంటు తీగ పక్కనే పరచడము దీనికి సాధారణ కారణములు. ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడపండి. తీగలు ఒకదానినొకటి దాటక తప్పకపోతే అడ్డముగా దాటించండి, జంటగా పరచవద్దు. టెక్కలి దగ్గర జాతీయ రహదారి మీద పోయే లారీల గుడగుడ, రాళ్లు కోసే గ్రానైటు యూనిట్ల మోత కూడా దూరమునుండి వింటే చాలామట్టుకు ఒకే తీరుగా ఉంటాయి. లారీల గుడగుడలో ఎక్కువ భాగము మనిషి గొంతు కంటె కింది స్థాయిలో ఉంటుంది. దానిని తీయడము తేలిక.

సముద్రపు హోరు అలాంటిది కాదు. బారువలోనో, వజ్రపుకొత్తూరు వైపు పల్లెలలోనో కూర్చుంటే అది ఎడతెగని ఒకే శబ్దమనిపిస్తుంది. రికార్డింగులో విని చూడండి. ప్రతి కెరటము లేస్తుంది, విరుగుతుంది, ఇసుక మీద పాకి వెనక్కి పోతుంది. ఒక్కొక్కదానికి కొన్ని సెకండ్లు పడుతుంది. పైగా అది గుడగుడ మొదలు బుస దాకా గొంతు ఉన్న స్థాయిలన్నిటిలోనూ పరచుకొని ఉంటుంది. కొబ్బరి మట్టల మీది గాలి కూడా అంతే, అయితే దాని గలగల పై స్థాయిలో, మన స, శ, ష అక్షరములు ఉండే చోటే ఉంటుంది.

గాలి నేరుగా మైకును కొడితే అది వేరు సంగతి. అప్పుడు వినబడే దబదబ ఊరిలోనిది కాదు, మైకు లోపలి పొర కొట్టుకొనే చప్పుడు. గట్టి గాలికి ఆ పొర పట్టగల హద్దు దాటితే దాని కింద ఉన్న మాట రికార్డే కాదు. లేని మాటను ఏ యంత్రమూ తిరిగి తేలేదు. మైకుకు స్పాంజి తొడుగు వేయండి. అది లేకపోతే పలుచని చేతిరుమాలు ఒక మడత చుట్టండి. ఫోను పట్టుకున్నవారు గాలికి వీపు చూపించి నిలబడండి.

ఇక వచ్చిపోయే శబ్దములు. పలాస మీదుగా హౌరా–చెన్నై రైలు మార్గము పోతుంది. రైలు కూత సాక్ష్యము నడుమ పడితే దానిని తీయుటకు ప్రయత్నించి కాలము వృథా చేసుకోకండి. కూత మన గొంతు ఉన్న స్థాయిలోనే ఉంటుంది, గొంతు కంటె పెద్దది. ఆగండి. రైలు పోనివ్వండి. పోయిన తరువాత తెగిపోయిన మాటనుండి కాక వాక్యము మొదటినుండి మరల చెప్పించండి. సగము వాక్యమును అతికిస్తే అతుకు తెలిసిపోతుంది.

ఆగడము అంటే నాకు 2018 గుర్తుకు వస్తుంది. ఆ సంవత్సరము అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరము దాటింది. కొబ్బరి, జీడి తోటలు నేలకొరిగాయి, కరెంటు లేదు. కొన్ని దినముల తరువాత ఒక తీర గ్రామములో సాక్ష్యములు రికార్డు చేద్దామని వెళితే అక్కడ ఒకటే జనరేటరు, దానితోనే ఊరంతటికీ బోరు నీళ్లు. నీళ్లు ఆపి సాక్ష్యము చెప్పండి అనే పాస్టరును ఏమనాలి? కూలిన కొబ్బరి మాను మీద కూర్చొని చీకటి పడేదాకా ఉన్నాము. బిందెలన్నీ నిండి జనరేటరు ఆగిన తరువాత ఫోను బయటికి తీశాను. హోరేబులో ఏలీయా అనుభవము (1 రాజులు 19) చాలాసార్లు ప్రసంగించాను గాని ఒక సంగతి ఆ రాత్రే తట్టింది. అక్కడ గాలినీ, భూకంపమునూ, అగ్నినీ ఎవరూ వడకట్టలేదు. అవి దాటిపోయేదాకా ఆ మనిషి గుహలో ఉన్నాడు.

మోత ఆపలేనప్పుడు, ఆగలేనప్పుడు కూడా మన చేతిలో ఒక ఉపాయము ఉంది, దానికి రూపాయి ఖర్చు లేదు. దగ్గరకు జరగడమే. మైకుకూ నోటికీ ఉన్న దూరము సగమైతే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ఒక మీటరునుండి పావు మీటరుకు వస్తే 12 డెసిబెల్స్. ఫ్యాను, లారీ, సముద్రము ఎక్కడివి అక్కడే ఉంటాయి గనుక అవి పెరగవు. గొంతు పెరిగిన మేరకు రికార్డు మట్టము తగ్గించుకుంటే మోత కూడా అంత దిగిపోతుంది. ఒక జాన దూరము సరిపోతుంది. నోటికి ఎదురుగా కాక కొంచెము పక్కగా పెట్టండి, లేకపోతే ప, భ పలికినప్పుడు వచ్చే ఊపిరి మైకును కొడుతుంది. ఫోనును బల్ల మీద పెట్టి అందరూ చుట్టూ కూర్చొనే అలవాటు దయచేసి మానండి.

గది ప్రతిధ్వని కూడా వెనుక శబ్దమే, కాకపోతే అది మన గొంతే ఆలస్యముగా తిరిగి రావడము. స్లాబు వేసి, టైల్సు పరచి కట్టుకున్న కొత్త ప్రార్థనా మందిరములలో ఇది ఎక్కువ. కష్టపడి చందాలు వేసుకొని కట్టుకున్న మందిరమును గూర్చి ఇలా అంటే సంఘస్థులు నొచ్చుకుంటారు గాని, రికార్డింగుకు మాత్రము పాత తాటాకుల ఇల్లే మేలు. మట్టిగోడ, ఆకుల కప్పు శబ్దమును మింగుతాయి. నేను చేసినవాటిలో మిక్కిలి తేటగా వచ్చిన రికార్డింగు పలాసలో జీడిపిక్కల గోనె బస్తాలు నిలువెత్తున పేర్చిన గదిలో చేసింది. తుమ్ములు వచ్చాయి గాని ప్రతిధ్వని లేదు. బస్తాలు లేనివారు తలుపులకు, కిటికీలకు దుప్పట్లు వేలాడదీయండి.

ఇంత చేసిన తరువాత మిగిలిన దానికే కంప్యూటరు. ఇప్పుడు దొరికే శబ్ద నిర్మూలన పద్ధతులలో చాలావాటికి మూలము 1979లో స్టీవెన్ బోల్ అనే పరిశోధకుడు ప్రకటించిన ఆలోచనలో కనబడుతుంది. ఎవరూ మాట్లాడని చోట మోత ఎలా ఉందో యంత్రమునకు చూపిస్తాము. అది శబ్దమును కింది స్థాయినుండి పై స్థాయిదాకా సన్నని పాయలుగా చీల్చి, ఏ పాయలో మోత ఎంత ఉందో కొలుచుకుంటుంది. తరువాత మాటలున్న చోట ప్రతి పాయలోనుండి ఆ కొలత మేరకు తగ్గిస్తుంది. తేలికైన లెక్కే. అయితే ఏది మోత, ఏది మనిషి అనేది ఆ లెక్కకు తెలియదు. కొలత కంటె మెల్లగా ఉన్నది ఏదైనా దానికి మోతే.

దీని వెల ఏమిటో నాకు ఒక విధవరాలు నేర్పింది.

ఉద్దానములో మూత్రపిండముల వ్యాధి సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ వ్యాధితో డయాలసిస్ చేయించుకుంటున్న ఒక సహోదరుడు తన సాక్ష్యమును ఇంటి అరుగు మీద కూర్చొని తన ఫోనులోనే రికార్డు చేశాడు, పదకొండు నిమిషములు. ఆయన ప్రభువునందు నిద్రించిన తరువాత భార్య ఆ ఫోను తెచ్చి, రేడియోలో వేయండి అయ్యగారూ అని నా చేతిలో పెట్టింది. ఫైలును నా కంప్యూటరులోనికి దించుకున్నాను. సముద్రపు హోరు బాగా ఉంది. నాకప్పుడు కొత్తగా వచ్చిన విద్య. 24 డెసిబెల్స్ తగ్గించాను, చాలలేదని మరొకసారి అదే చేశాను. హోరు పూర్తిగా పోయింది. మురిసిపోయి అదే పేరుతో అదే ఫైలు మీద సేవ్ చేశాను. ఫోనులో చోటు లేదని ఆమె అంటే, శుభ్రమైన ఫైలును అందులో వేసి, పాతది నా చేతులతోనే తీసివేశాను.

ఆమె ఇయర్‌ఫోను పెట్టుకొని చివరిదాకా విన్నది. "గొంతు ఆయందే అయ్యగారూ. మరి ఇది ఎక్కడ కూకోని మాటాడినారు?" అని అడిగింది. మీ అరుగు మీదే కదమ్మా అన్నాను. "సముద్రం ఏదీ?" అన్నది. కొంచెము ఆగి, "సివర్న మనవరాల్ని పిలిసినారు. అదీ లేదు" అన్నది.

చివరి అర నిమిషములో ఆయనకు ఆయాసము వచ్చి గొంతు గుసగుసకు దిగింది. గుసగుసలో గొంతు తీగలు మ్రోగవు, ఊపిరి రాపిడి మాత్రమే ఉంటుంది. యంత్రపు లెక్కలో అది కెరటపు బుసకు అచ్చముగా సాటి. మనవరాలి పేరును అది సముద్రములో కలిపేసింది. నేను దానిని ఆనవాలు లేకుండా చెరిపేశాను. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని ఆ రాత్రి అనుకున్నాను.

వారి కుమారుడు గుజరాతులోని వెరావల్‌లో చేపల బోటు మీద పని చేస్తాడు. మన జిల్లా మత్స్యకారులలో అనేకులు ఆ రేవుకు వెళ్లేవారే. తండ్రి ఆ సాక్ష్యమును అతనికి వాట్సాప్‌లో పంపి ఉన్నాడు. బోటు ఒడ్డుకు వచ్చేదాకా పదిహేను దినములు ఆగవలసి వచ్చింది. అతడు తిరిగి పంపిన ఫైలు కుదించబడి కొంచెము మొరటుగా ఉంది గాని, హోరులోనుండి ఆ పేరు వినబడుతోంది. ప్రసారమునకు పంపినప్పుడు చివరి అర నిమిషమునకు నేను ఏ ఫిల్టరూ వేయలేదు.

అప్పటినుండి నా పద్ధతి ఇది. ముందు అసలు ఫైలుకు నకలు తీసి, అసలును వేరే చోట భద్రపరుస్తాను. దాని జోలికి మరల వెళ్లను. ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరు 2000 సంవత్సరము నుండి ఉచితముగా దొరుకుతోంది, మన పనికి అది చాలు. నకలులో మొదట 80 హెర్ట్జ్ కింద ఉన్నదానిని హై పాస్ ఫిల్టరుతో కోస్తాను. అంత కిందికి మనిషి మాట దాదాపు పోదు గనుక లారీ, గాలి దెబ్బలలో చాలా భాగము నష్టము లేకుండా పోతుంది. తరువాత మాటలు లేని చోటు ఎంచి నాయిస్ ప్రొఫైల్ తీస్తాను. ఫ్యాను అయితే రెండు సెకండ్లు చాలును. సముద్రమైతే రెండు మూడు కెరటములు పూర్తిగా లేచి విరిగేంత పొడవు కావాలి, లేకపోతే యంత్రము కెరటపు అడుగును మాత్రమే ఎరిగి పైభాగమును వదిలేస్తుంది. తగ్గించేది 6 నుండి 9 డెసిబెల్స్, అంతకు మించి వెళ్లను. మించితే మాటల చుట్టూ నీటి బుడగలు చిట్లుతున్నట్టు ఒక చప్పుడు పుడుతుంది. అసలు మోత కంటె అదే ఎక్కువ చికాకు.

ఆ సాఫ్ట్‌వేరులో అంతగా ఎవరూ ముట్టని ఒక మీట ఉంది. దాని పేరు రెసిడ్యూ. దానిని ఎంచుకుంటే మిగిలేదానిని కాక, తీసి పారవేయబోయేదానిని వినిపిస్తుంది. నేను ఇప్పుడు మొదట వినేది దానినే. అందులో ఒట్టి హోరు ఉంటే సరే. స, శ, క్ష తునకలుగా వినబడుతున్నా, ఎవరో గోడ అవతల మాట్లాడుతున్నట్టున్నా, గొంతును పారవేస్తున్నామన్నమాట. వెనక్కి తగ్గి, తక్కువ డెసిబెల్స్ పెట్టి మరల వినాలి. ఆనాడు ఈ మీట నొక్కి ఉంటే మనవరాలి పేరు నాకు అందులో వినబడేది.

మోతను బొత్తిగా లేకుండా చేయనక్కర కూడా లేదు. నా బాల్యములో మా ఇంట షార్ట్‌వేవ్ రేడియో ఉండేది. సీషెల్స్ దీవులనుండి ఫెబా రేడియో 2003 దాకా షార్ట్‌వేవ్‌లో ప్రసారము చేసింది. ఆ స్వరము ఈల మధ్య, గరగర మధ్య, తేలుతూ మునుగుతూ వచ్చేది. పెద్దలు రేడియోకు చెవి ఆనించి వాక్యమంతా విన్నారు. మాట తెగకుండా ఉంటే మోతను చెవి సహిస్తుంది. మీడియం వేవ్ ప్రసారములో సుమారు 4 వేల, 5 వేల హెర్ట్జ్‌కు పైనున్న బుస ఎలాగూ శ్రోతకు చేరదు. అయితే ఒక హెచ్చరిక. ప్రసారము చేసేచోట గొంతును ఒకే మట్టమునకు తెచ్చుటకు కంప్రెషన్ వేస్తారు. అప్పుడు మాటల మధ్య ఖాళీలలో ఫ్యాను మోత పైకి లేస్తుంది. అందుచేత ఆపగలిగిన ఫ్యానును రికార్డింగు సమయములోనే ఆపండి, చెమట పట్టినా సరే.

ఈ మధ్య ఒక్క మీట నొక్కితే చాలు అనే కృత్రిమ మేధస్సు పనిముట్లు వచ్చాయి. నేనూ వాడి చూశాను, ఆశ్చర్యముగానే ఉన్నాయి. వాటిలో కొన్ని మోతను తగ్గించడముతో ఆగవు, తాము నేర్చుకున్న వేలాది గొంతులను బట్టి మన గొంతును మరల నిర్మిస్తాయి. వినబడని చోట ఊహిస్తాయి. నా పరీక్షలో మన ప్రాంతపు యాస ఉన్న ఒక పెద్దమ్మ గొంతు తేటగా వచ్చింది గాని, రెండు చోట్ల ఆమె అనని అక్షరములు వినబడ్డాయి. ప్రకటనలకు వాడుకోండి. సాక్ష్యమునకు వద్దు. ఒక మనిషి తన నోట పలికినదే సాక్ష్యము.

మాకు పంపేవారు ఫైలును ఏమీ శుభ్రము చేయకుండా ఉన్నది ఉన్నట్టు పంపండి. వాట్సాప్‌లో పంపితే వాయిస్ మెసేజీగా కాక డాక్యుమెంటుగా జతచేయండి, అప్పుడు అది కుదించబడదు. మొదట ఊరి పేరు, తేదీ నోటితో చెప్పండి. ఆ తరువాత పది సెకండ్లు మౌనముగా ఉండి సాక్ష్యము మొదలుపెట్టండి. మేము ప్రొఫైల్ తీసేది ఆ పది సెకండ్లలోనే. ఆ కాసేపూ చిన్నపిల్లలను ఎవరైనా ఎత్తుకోండి. మీ ఫోనులోనిది మాత్రము మేము అందిందని చెప్పినా తీసివేయకండి.